కంప్యూటర్ గలీబుకు ఒక బహిరంగ లేఖ

నిజాంపేట, హైదరాబాద్
మే 24, మధ్యాహ్నం 3 గంటలు, కరెంటు ఉంది

మహారాజశ్రీ గలీబు గారికి,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క సీపీయూకే మొన్నటిదాకా ఒంట్లో బాగాలేదు. తమరు ప్రస్తుతం బాల్కనీలో దండెం మీద రెండు క్లిప్పుల మధ్య హాయిగా ఆరుతున్నారు కనుక తమరి క్షేమం అడగక్కర్లేదు. ఎదురు ప్లాటులో ఎనిమిదో అంతస్తు గోడలు లేస్తున్నాయి. ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు తమరిని మళ్లీ ఉతకాల్సి వస్తుంది.

వియ్యాలవారితో మాట్లాడినట్టు తమరు, మీరు అంటూ ఎక్కువసేపు నడపడం నా వల్ల కాదు. ఐదేళ్లకు పైగా ఒకే గదిలో ఉన్నాం. నువ్వు అనే అంటాను.

నువ్వు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. 2020 చివర్లో, ఇంటి నుంచే పని అని ఖాయమయ్యాక, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు వెళ్లి ఒక్కో పార్టు బేరమాడి కంప్యూటర్ కట్టించుకొచ్చాను. డబ్బా ఇంటికొచ్చిన సాయంత్రమే అమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇన్ని పైసలు వోసి కొన్నవ్, దుమ్ము వడ్తది బిడ్డా, ఏదన్న కప్పు" అంది. మర్నాడు పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడు. పాత పూల చీర కోసి నిన్ను కుట్టింది. లోపల అస్తరు వేసింది. అంచుకు లేసు వేసింది. అంతటితో ఆగితే వేరే సంగతి. పవర్ బటన్ నొక్కుకోవడానికి ముందు భాగంలో ఒక కాజా కూడా కుట్టింది. అంటే కంప్యూటర్ నడుస్తున్నప్పుడు కూడా నిన్ను తీయాల్సిన పని లేదన్నమాట. మిగిలిన ముక్క మడిచి బీరువాలో పెట్టింది. ఎందుకమ్మా అంటే "పనికొస్తది" అంది. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

మా ఇంట్లో నీకు చుట్టాలకు కొదవ లేదు. ఫ్రిజ్ నెత్తిన జేబులున్న గుడ్డ, వాషింగ్ మెషీన్‌కు రెయిన్‌కోటు, మిక్సీకి గౌను. టీవీ రిమోట్ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉంది, వాల్యూమ్ బటన్ దగ్గర మాత్రం చిరిగింది. వీళ్లెవరితోనూ నాకు పేచీ లేదు. మిక్సీ తిరిగే రెండు నిమిషాలూ దాని గౌను తీసి పక్కన పెడతాం. నిన్ను మాత్రం నీ కాజా పుణ్యమా అని ఎప్పుడూ తీయలేదు.

డబ్బాకున్న సంసారం చాలా చిన్నది. ముందున్న జల్లెడలోంచి గాలి లోపలికి రావాలి, లోపలి వేడిని ఎత్తుకుని వెనక ఫ్యాన్‌లోంచి బయటికి పోవాలి. నువ్వు వెళ్లి సరిగ్గా దాని ముక్కు మీద కూర్చున్నావు. పోనీ దుమ్మన్నా ఆపావా? ముందు దారి మూసుకుపోతే ఫ్యాన్లు ఊరుకుంటాయా? వెనక స్లాట్ల సందుల్లోంచి, కేబుళ్ల చుట్టూ ఉన్న కంతల్లోంచి, దొరికిన ప్రతి చీలికలోంచీ గాలి లాగాయి. ఆ దారుల్లో జాలీ ఉండదు. పైగా అటువైపు చీపురు కూడా వెళ్లదు. మేం వీధి గుమ్మానికి తాళం వేసి, దొడ్డిగుమ్మం బార్లా తెరిచి పెట్టినట్టయింది.

దుమ్ము కూడా అలాంటిలాంటిది కాదు. మన ఊరు రాతి మీద కట్టిన ఊరు. గ్రానైటు గుట్టను పగలగొట్టి పునాది తీస్తారు, ఆ రాయినే క్రషర్‌లో వేసి రోబో ఇసుక చేస్తారు, ఆ ఇసుకతోనే గోడ కడతారు, పైన తార్పాలిన్ లేని లారీలో మా సందులోంచే పోతారు. ఈ ప్రయాణంలో జారిపోయిన వాటా మా కిటికీకి వస్తుంది. దానికి మా ఇంటి సొంత ఉత్పత్తి కలుస్తుంది: పరుపుల దూది, తలవెంట్రుకలు, పౌడరు, రెండు పూటలా వెలిగే ఊదువత్తుల పొగ. ఎండాకాలం కూలర్ పెడతాం కదా, ఆ తేమ కలిసేసరికి పొడిపొడిగా ఎగిరిపోవాల్సింది కాస్తా అట్టకట్టి అతుక్కుంటుంది.

దాని మీద ఎండ. మాది పై అంతస్తు. మా నెత్తిన స్లాబు, స్లాబు నెత్తిన సూర్యుడు. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైందట. అప్పుడు ఇళ్లల్లో కంప్యూటర్లు లేవు కాబట్టి బతికిపోయాయి. ఫ్యాన్ వేడిని గాలిలోకి తోయగలదు కానీ గదిలో ఉన్న గాలి కంటే చల్లగా దేన్నీ చేయలేదు. డిసెంబర్‌లో 25 డిగ్రీల గదిలో 65 దగ్గర పనిచేసే చిప్పు, మేలో 38 డిగ్రీల గదిలో అదే పని చేస్తూ దాదాపు 78కి చేరుతుంది. ఇది శుభ్రంగా ఉన్న డబ్బా లెక్క. నీలాంటి దుప్పటి కప్పుకున్నదాని లెక్క వేరు. ఇదే ఊళ్లో పెద్ద కంపెనీల డేటా సెంటర్లున్నాయి. సర్వర్లకు అందే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని వాళ్లకు ఒక ప్రమాణం ఉంది. ఆ గాలి మా ఇంట్లో మనుషులకే లేదు.

ఇక జరిగింది చెప్తాను. గత వేసవి నుంచీ కంప్యూటర్‌కు ఒక రోగం పట్టుకుంది. పొద్దున ఏడింటికి చురుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి, భోజనం చేసొచ్చిన గుమాస్తాలా, ఎక్సెల్ తెరవమంటే ఆలోచిస్తుంది. ముందు నెట్‌ను తిట్టాను. తర్వాత విండోస్‌ను తిట్టాను. రిపేరు పేరుతో వచ్చిన ఒకాయన డబ్బా విప్పకుండానే "వైరస్ సార్" అని ఫార్మాట్ కొట్టి 800 తీసుకున్నాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే. మళ్లీ ఫార్మాట్, మళ్లీ 800. రెండుసార్లూ నిన్ను భద్రంగా మడిచి పక్కన పెట్టి, పనయ్యాక మళ్లీ కప్పి వెళ్లాడు. మర్యాదస్తుడు.

అది వైరస్ కాదు, ప్రాణభయం. ప్రాసెసర్‌కు ఒక హద్దు ఉంటుంది, చాలావాటికి 100 డిగ్రీల అటూ ఇటూ. దానికి దగ్గరపడగానే కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. మాది ఈ నెల 20న ఆరిపోయింది. నెలవారీ జీఎస్‌టీ రిటర్నుకు ఆఖరి రోజు. నాలుగు షాపుల లెక్కలు నేనే చూస్తాను. మూడో షాపు నడుస్తోంది, మధ్యాహ్నం రెండున్నర, టప్‌మంది. ఫ్యూజేమో అని మెయిన్ బోర్డు చూశాను. తిరిగొచ్చి నీ మీద చెయ్యి వేశాను. ఇస్త్రీ చేసిన చీరలా ఉన్నావు.

మిగతా రిటర్నులు ఆ రాత్రి ఏసీ ఉన్న మా బావమరిది ఇంట్లో వేశాను. మర్నాడు మా వీధి చివర మొబైల్ షాపు కుర్రాణ్ణి పిలిచాను. వాడు నిన్ను చూసి నవ్వాడు. పక్క తలుపు స్క్రూల మీద చెయ్యిపెట్టి, "అన్నా, దీన్ని ఎన్నడన్న ఇప్పిండ్రా?" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను, అమ్మ నావైపు చూసింది.

తలుపు తీశాడు. మన ఇళ్లల్లో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం కదా, అసలు సీపీయూ, అంటే ఆ ప్రాసెసర్, లోపల క్యారమ్ స్ట్రైకరంత ఉంటుంది. దాని మీద అల్యూమినియం రేకుల దొంతర, ఆ రేకుల మీద ఫ్యాన్. వాడు ఫ్యాన్ విప్పి తీస్తే, దానికీ రేకులకీ మధ్య బూడిద రంగులో మెత్తగా, దళసరిగా, అచ్చంగా ఒక చిన్న గొంగడి. రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తితే చిరగకుండా మొత్తం ఒకే ముక్కగా వచ్చింది. ఫ్యాన్ ఇన్నాళ్లూ పాపం తిరుగుతూనే ఉంది, ఆ గొంగడికి విసురుతూ. కింద మూలన ఎండిన బంతిపూల రేకులు, కుంకుమ, రెండు అక్షింతలు. ఐదు దసరాలు ఆయుధపూజ చేశాం మరి. పసుపు రాశాం, బొట్టు పెట్టాం, హారతిచ్చాం. ఒక్క స్క్రూ తిప్పలేదు. రెండు బల్లిగుడ్ల పెంకులు కూడా దొరికాయి. వెచ్చగా, చీకటిగా, పైన గుడ్డ కప్పి, పురుడు పోసుకోవడానికి అంతకన్నా మంచి చోటేముంది.

వెనక ఫ్యాన్ ఇరుసుకు మెలికలు తిరిగి ఒక దారం చుట్టుకుని ఉంది. గులాబీ రంగు. నీ లేసుది. ఇంక నువ్వేం బుకాయించినా లాభం లేదు.

డబ్బా మిద్దె మీదికి మోశాం. ప్లగ్గు పీకేశాక కూడా వాడు పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు, మిగిలిన కరెంటు పోవాలట. బోర్డు ముట్టుకునే ముందు డబ్బా ఇనుమును ఒకసారి తాకాడు. మా ఆవిడ ఉత్సాహంగా వాక్యూమ్ క్లీనర్ తెస్తే, "వద్దు అక్కా, దాంతోని స్టాటిక్ కరెంట్ పుడ్తది, బోర్డు పోతది" అని బ్లోయర్ తీశాడు. ఫ్యాన్ రెక్కల మధ్య ఐస్ పుల్ల దూర్చి తిరక్కుండా ఆపాడు. బ్లోయర్ గాలికి అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగు పాడవుతుందట, ఎదురు కరెంటు పుట్టి బోర్డుకు కూడా చేటేనట. నాకు ఆ పిల్లాడి మీద గౌరవం పెరిగింది. మొదటి ఊపుకు లేచిన మబ్బు నేరుగా వెళ్లి మిద్దె అవతలి మూలన ఎవరో ఆరబెట్టుకున్న వడియాల మీద వాలింది. ఎవరివో నేను విచారించలేదు.

ప్రాసెసర్ వేడిని పైన రేకులకు అందించే పేస్టు ఎండి పెచ్చులుగా ఉంది. స్పిరిట్‌తో తుడిచి, కొత్తది శనగ గింజంత పెట్టాడు. ర్యామ్ అనే మెమరీ పట్టీ కాళ్లను మా పాప రబ్బరుతో రుద్దాడు. పవర్ సప్లయ్ డబ్బాను మాత్రం విప్పలేదు, బయటి నుంచే గాలి కొట్టాడు. తీగ పీకినా అందులో కరెంటు కొంతసేపు దాగి ఉంటుందట. అన్నీ కలిపి 500. ఫార్మాట్ కంటే 300 తక్కువ. ఇప్పుడు ఇదే మధ్యాహ్నం, ఇదే ఎండ, అదే ఎక్సెల్, 74 డిగ్రీలు. ముందు 98 చూపించేది.

నేరం నీ ఒక్కదానిదే అనను. డబ్బాను టేబుల్ కింద మూసుకుపోయిన అరలో తోసింది నేను. గోడకు బెత్తెడు కూడా వదల్లేదు. బోర్డు మీద కరెంటును కాసేపు దాచుకునే కెపాసిటర్లలో కొన్ని రకాలకు వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అంటారు. ఆ లెక్కన ఐదేళ్లలో మన ఇద్దరం కలిసి దాని ఆయుష్షు ఎంత తిన్నామో వేసి చూడాలని లేదు. డబ్బాను బయటికి లాగి చిన్న పీట మీద పెట్టాను. ముందు భాగంలో దుమ్ము ఆపే జాలీ బిగించాం, పదిహేను రోజులకోసారి తీసి కడగాలి. ఎదురు బిల్డింగు పూర్తయ్యేదాకా వారానికోసారి అని కుర్రాడి సలహా.

నీ ఉద్యోగం తీసేయడం లేదు. అమ్మ చేతి కుట్టు, తీసేసే ధైర్యం నాకు లేదు. టైమింగ్స్ మాత్రం మారాయి. కంప్యూటర్ ఆపి, వేడి తగ్గాక, రాత్రి పూట వచ్చి కూర్చో. పొద్దున్నే దిగిపో. ఆ కాజా మూసి కుట్టేయించాను.

ఇట్లు,
నీ గదిలోనే చెమటలు కక్కుతున్న
ఓ ఇంటి పెద్ద

తా.క.: నిన్న సాయంత్రం నుంచి నెట్ తెగ ఆగుతోంది. ఇప్పుడే లేచి చూసొచ్చాను. రౌటర్ మీద చిన్న టోపీ ఉంది. నీ పూలే, నీ లేసే. లైట్లు కనబడడానికి ఈసారి నాలుగు కాజాలు.