చీమల సుద్దముక్క గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సుద్దముక్క గారికి,

గోదావరి డెల్టాలో పెద్ద దొడ్డి ఉన్నవాళ్లూ, నాలుగు పూలకుండీలు మాత్రమే ఉన్నవాళ్లూ కలిసి రాయించుకున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. చీమలు మాకంటే క్షేమం.

ముసురు పట్టింది. కాలవల్లో నీళ్లు, చేలల్లో నీళ్లు, నల్లరేగడి తడిసి ముద్దయింది. నేల కింద గదుల్లోకి నీళ్లు దిగితే చీమలు మాత్రం ఏం చేస్తాయండీ? గుడ్లూ పిల్లలూ నోట కరుచుకుని పైకొస్తాయి. పైనున్నది మా వంటిల్లు. పులసా మీరూ ఒకే సీజను. పుస్తెలమ్మైనా పులస తినాలనుకునే వాళ్లం, మీ కోసం నాలుగు డబ్బులు ఒక లెక్కా! కొన్నాం. గడప దగ్గర గీశాం, గట్టు అంచున గీశాం, బెల్లం డబ్బా చుట్టూ గీశాం, కిటికీ చువ్వల కింద గీశాం. ఇల్లంతా పిల్లాడి పలకలా తయారైంది.

గడప బయట మాకింకో తెల్లగీత ఉండేది. బియ్యప్పిండి ముగ్గు. చీమలకీ పిచుకలకీ ఇంత తిండి పెట్టినట్టుంటుందని పెద్దవాళ్లు అనేవారు. ఇప్పుడు ముగ్గుపిండంటే రాతిపిండే. బయట భోజనాలు ఎత్తేశారు, ఆకలేసి లోపలికొస్తే మీరున్నారు. రెండూ తెల్లగీతలే. ఏ గీత ఏదో చీమకి తెలియాలంటే ఎంత చదువు కావాలో!

మీ పనితనాన్ని తక్కువ చేయడం లేదు. మీలో ఉన్నది ఉత్త సుద్ద కాదు, సైపర్‌మెత్రినో డెల్టామెత్రినో కలిపిన సుద్ద. గీత దాటిన చీమ కాళ్లకి ఆ పొడి అంటుకుంటుంది, నరాలు అదుపు తప్పుతాయి, కాసేపటికి వెల్లకిలా పడి తన్నుకుంటుంది. ఇంటాయన ఆ దృశ్యం చూసి మందు పనిచేసిందని తృప్తిగా పేపరు చదువుకుంటాడు. పడింది ఎవరండీ? కూలికొచ్చినవాళ్లు. బారులో కనబడేది పుట్టలో చిన్న వంతు. గుడ్లు పెట్టే రాణి మీ గీతవైపు ఈ జన్మలో రాదు. ఎల్లుండికి ఈ బారు పోయి ఇంకో బారు వస్తుంది, మీరు మళ్లీ అమ్ముడుపోతారు. వ్యాపారం తెలిసినవారు మీరు.

ఇంకో రకం ఉంది. లేత పసుపు రంగు, రెండు మిల్లీమీటర్ల పొడవు, ఫారో చీమ అంటారు. దానికి ఒక్కో పుట్టలో చాలామంది రాణులు. మీలాంటి ఘాటు మందో, స్ప్రేయో తగిలిందా, కొందరు రాణులూ కొంత బలగమూ విడిపోయి వేరు కాపురం పెడతారు. గట్టు కింద ఒక పుట్ట ఉన్నచోట స్విచ్చిబోర్డులో ఒకటి, తలుపు చట్రంలో ఒకటి లేస్తాయి. అదంతా మీ చలవే.

మా ఊళ్ల సంగతి మీకు చెప్పకుండా ఇక్కడికి పంపినట్టున్నారు. తడి గచ్చు మీద మీరు నిలవరు. సున్నం కొట్టిన గోడ మీద ఆ క్షారానికి మీ మందు త్వరగా విరిగిపోతుంది. ఎండపడే కిటికీ దగ్గర వెలుతురుకి పోతుంది. పోయిందంతా గచ్చు కడిగిన నీళ్లతో తూములోకి, తూములోంచి పంటబోదెలోకి వెళ్తుంది. ఆ బోదె పక్కనే చేపల చెరువు, దాని పక్కన రొయ్యల చెరువు. మీ జాతి మందు చేపలకీ రొయ్యలకీ మహా విషం, చాలా కొద్దిగా చాలు. పైగా మీ రూపం! అచ్చం బలపం. పాకే పిల్లలున్న ఇంట్లో నేలమట్టాన బలపం ఆకారంలో విషం పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, వారికో దండం.

ఆయ్, కోప్పడకండి. మీ ఉద్యోగం ఎవరికిచ్చామో చెప్పకుండా మిమ్మల్ని పంపేస్తే మర్యాదగా ఉండదు కాబట్టి చెబుతున్నాం. బోరిక్ పౌడరుకిచ్చాం. మందుల షాపులో దొరుకుతుంది. క్యారమ్స్ పౌడరు కొన్ని కంపెనీలది ఇదే, కొన్నిటిది పిండి, కాబట్టి డబ్బా మీద చదివి కొనాలి. అదీ దొరక్కపోతే కంసాలి వాడే వెలిగారం నూరుకోవచ్చు.

200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. అందులో పంచదార ఆరు చెంచాలు, టీ చెంచాతో, తలకొట్టి. బోరిక్ పౌడరు అదే చెంచాతో అర చెంచా, అంటే సుమారు 2 గ్రాములు. వెలిగారమైతే 3 గ్రాములు. పలుకు మిగలకుండా కరగాలి. దూది ఉండల్ని ముంచి, సీసా మూతల్లో పెట్టి, బారు పక్కన జానెడు దూరంలో ఉంచాలి. బారు మధ్యలో పెడితే కంగారుపడి చెదురుతాయి.

ఇంత పలచగా ఎందుకూ, ఇంకో రెండు చెంచాలు వేస్తే పోలేదా అని ప్రతి ఇంట్లోనూ ఒకరంటారు. అక్కడే చెడుతుంది. ఎదిగిన చీమ గట్టి తిండి మింగలేదు, రసమే తాగుతుంది. పొట్టలో నింపుకుని పుట్టకి వెళ్లి నోటితో నోటికి పంచుతుంది. అలా చేతులు మారి, క్షమించాలి, మూతులు మారి రాణిదాకా చేరాలంటే మోసేవాళ్లు ఒకటి రెండు రోజులైనా బతికుండాలి. మందు ఎక్కువైతే మూత పక్కనే చస్తాయి, లేదా రుచి చూసి వదిలేస్తాయి. అప్పుడది మీరు చేసే పనే, కాకపోతే నీళ్లలో.

మొదటి రోజు మూత చుట్టూ చీమలు నల్లగా మూగుతాయి. తలలు లోపలికి, తోకలు బయటికి, వరసగా, పంక్తి భోజనంలాగే. సరిగ్గా ఆ సమయానికి ఇంట్లో ఎవరో ఒకరు ‘అయ్యయ్యో, ఇంకా ఎక్కువయ్యాయి’ అంటూ తడిగుడ్డ పట్టుకొస్తారు, లేదా మిమ్మల్ని పట్టుకొస్తారు. ఇద్దర్నీ ఆపాలి. తుడిస్తే దారి వాసన పోతుంది, రాణికి భోజనం అందదు. పక్కన మీ గీత పడితే మూత దగ్గరికే రావు. సబ్బునీళ్లతో గట్టు తుడవడం మంచిదే, ఎర పని పూర్తయ్యాక. రెండు మూడు రోజులకొకసారి దూది మార్చాలి, ఎండినా పులిసినా ముట్టవు. వారం, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పూతరేకులు పొట్లం విప్పి గట్టు మీద వదిలేసి, ఎర ముట్టడం లేదని బోరిక్‌ని తిడితే అది పౌడరు తప్పు కాదు.

పంచదార వైపు చూడకుండా ఎండురొయ్యల డబ్బా చుట్టూ తిరిగే చీమలూ ఉంటాయి. గూట్లో పిల్లలు ఎదిగేటప్పుడు వాటికి మాంసం, నూనె కావాలి. ఎండురొయ్యలు మెత్తగా దంచి, చెంచా పొడికి చాలా కొద్దిగా బోరిక్ కలిపి పెడితే తీసుకెళ్తాయి. ఏ ఎరైనా పిల్లలకీ పిల్లులకీ అందని చోటే ఉండాలి, మిగిలిన సీసా మీద ‘విషం’ అని రాయాలి. బోరిక్ సాధువేమీ కాదు, కడుపులోకి వెళ్తే ప్రమాదమే. బలపంలా కనబడదు, అంతే తేడా.

బారు ఆగాక కన్నాలకి తెల్ల సిమెంటు. ముందే మూస్తే వేరే కన్నం వెతుక్కుంటాయి. స్విచ్చిబోర్డులోకి వచ్చే పైపు మూయాలంటే మెయిన్ కట్టేసి మూయాలి, అందులోకి ఏ స్ప్రే కొట్టకూడదు.

దొడ్డిలోకి మీరు అసలు రావద్దు. మందారం కొమ్మ మీదికి చీమలు బారు కట్టాయంటే పైన పిండినల్లో పేనుబంకో ఉన్నట్టే. ఆ పురుగుల తేనెలాంటి రసం కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. మొదలు చుట్టూ నాలుగు అంగుళాల ప్లాస్టిక్ పట్టీ బిగించి, దానిమీద గ్రీజు పూయాలి. బెరడు మీద నేరుగా పూస్తే చెట్టు దెబ్బతింటుంది. గోడకి తగిలే కొమ్మ, బట్టల తీగకి తగిలే కొమ్మ కొట్టేయకపోతే చీమ ఆ వంతెన మీదుగా వస్తుంది, పట్టీ అలంకారానికి మిగులుతుంది. పైనున్న పురుగుకి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లబాటు వేళ కొట్టాలి. కుండీలో పుట్ట పెడితే, కుండీని అంచుదాకా నీళ్లున్న బకెట్లో పావుగంట ముంచితే గుడ్లతో సహా బయటికొస్తాయి. ఎండిపోయిన మట్టి వాటికి ఇష్టం, కుండీకి నీళ్లు మానేసినవాళ్లే పిలిచినట్టు.

దొడ్డి గట్టు మీద కొరికే ఎర్రచీమల పుట్టకి మరుగునీళ్లు పోస్తారు. పది లీటర్లకి తక్కువైతే రాణి దాకా దిగవు, కరివేపాకు మొదలు పక్కనైతే చెట్టే ఉడుకుతుంది. కిరసనాయిలు మాత్రం వద్దు. ఈ నేలలో కొద్దిగా తవ్వితే నీళ్లు, ఆ నీళ్లే నూతిలోవి.

ఇక మామిడిచెట్టు మీద ఆకులు కుట్టుకునే ఎర్రచీమలు. పెద్ద చీమలు ఆకు అంచుల్ని కాళ్లతో దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్లల్ని నోట పట్టుకుని, వాటి నోట్లోంచి వచ్చే పట్టుతో ఆ అంచులు కలిపి కుడతాయి. కొబ్బరి కింద కోకో వేసుకున్న తోటల్లో పురుగుల్ని వేటాడి తినేది ఇవే. కాయ కోసేటప్పుడు కరుస్తాయి, ఆ ఒక్క రోజూ ఓర్చుకోవాలి. వాటి చెట్టు చుట్టూ ఎవరైనా మీతో గీత గీయబోతే, మీరే సిగ్గుపడి విరిగిపోండి.

సెలవు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారులు

తా.క.: ఇంట్లో మిగిలిన మీ ముక్కల్ని కాలవలో విసరడం లేదు. కాగితంలో చుట్టి, పైన ‘చీమల మందు’ అని రాసి, డబ్బాలో పెట్టి పై అటక మీద ఉంచాం. బలపాల డబ్బాలో ఒక ముక్క కనబడింది, దాన్నీ అందులోనే వేశాం. గీతలు తుడిచిన గుడ్డని కాలవ రేవులో ఉతకడం లేదు, చెత్తలో వేశాం.