నోబెల్ వచ్చింది ఉపవాసానికి కాదు, బావగారూ

కార్తీక మాసం వచ్చిందంటే దుర్గా ఘాట్‌లో దీపాలూ తప్పవు, నా ఫోన్‌లో ఆ మెసేజూ తప్పదు. ఈ ఏడాది ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఒకసారి, గుంటూరు నుంచి మా బావగారు పంపింది ఒకటి. అందులో ఉన్నది ఇదీ: 'జపాన్ శాస్త్రవేత్తకు ఉపవాసం మీద నోబెల్ వచ్చింది. 16 గంటలు తినకపోతే ఆటోఫజీ మొదలై శరీరమే క్యాన్సర్ కణాలను తినేస్తుంది. పొద్దున్నే తేనె, నిమ్మరసం తాగితే ఇంకా వేగం. మన పెద్దలకు ఇదంతా ఎప్పుడో తెలుసు. పదిమందికి పంపండి.'

నోబెల్ సంగతి. 2016లో యోషినోరి ఒసుమికి వచ్చిన మాట నిజం. ఆటోఫజీ అంటే కణం తన లోపలి సరుకును తనే తిని కరిగించుకోవడం. ఆయన పనిచేసింది ఈస్ట్ మీద, బేకరీలో పిండి పొంగించే ఈస్టే. దానికి నైట్రోజన్ అందకుండా చేశారు. లోపల అరిగించే ఎంజైములు లేని రకాన్ని ఎంచుకోవడంతో, అరగని చిన్న చిన్న సంచులు వాక్యూల్‌లో, అంటే ఈస్ట్ కణంలోని అరిగించే గదిలో, పోగుపడి మామూలు మైక్రోస్కోపులోనే కనిపించాయి. 1992లో అది ప్రచురించారు, మరుసటి ఏడాది ఈ పని నడిపే 15 జన్యువుల జాడ పట్టారు. బహుమతి ఆ యంత్రాంగం కనిపెట్టినందుకు. అక్కడ ఉపవాసం ఉన్నది ఈస్ట్.

తేనె. తేనె అంటే చక్కెరే కదండీ. చక్కెర పడితే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ ఎంటార్‌ (mTOR) అనే ప్రోటీన్‌ను లేపుతుంది, ఎంటార్ లేస్తే ఆటోఫజీ పడుకుంటుంది. రాసినవాడు తన రెండో వాక్యాన్ని మూడో వాక్యంతో తనే చంపుకున్నాడు.

16 గంటలకు ఏ గంటా మోగదు. ఆటోఫజీ అన్ని కణాల్లో ఎప్పుడూ కొంచెం నడుస్తూనే ఉంటుంది. ఎలుకల్ని 24 గంటలు పస్తు పెడితే కాలేయంలో బాగా పెరిగింది, మెదడులో పెద్దగా తేడా లేదు. పైగా ఎలుకకు ఒకరోజు పస్తంటే మనకు ఒకరోజు పస్తుతో సమానం కాదు.

పెద్దలకు తెలుసా? మా ఇంట్లో శనివారం ఉపవాసమంటే రాత్రి అన్నం మానేసి నాలుగు మినపట్లు, అల్లం పచ్చడి. ఈస్ట్‌కి ఇలాంటి ఉపవాసం పెట్టి ఉంటే ఒసుమికి ఏమీ కనిపించేది కాదు. కార్తీక సోమవారాలు నేనూ ఉంటాను, నక్షత్రాలు చూశాకే తింటాను. రాత్రి ఎనిమిది తర్వాత తినడం మానేశాక నా షుగరూ కాస్త దిగింది, ఒప్పుకుంటాను. బజ్జీల బండి వైపు వెళ్లకపోవడమే దానికి కారణమని నా అనుమానం.

ఇక క్యాన్సర్. ఇదంతా రాస్తున్నది దీని కోసమే. మా పిన్నికి మూడో కీమో అయింది, గుంటూరులో అక్కావాళ్లింట్లో ఉంటోంది. పోయిన ఆదివారం వెళ్లేసరికి పదకొండు. ఏమీ తినకుండా కూర్చుంది. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. 'ఇంకో గంట ఆగితే పదహారు అవుతాయిరా' అంది. బావగారు మెసేజ్‌ని ప్రింటు తీయించి ఫ్రిజ్‌కి అంటించారు.

బావగారూ, ఆటోఫజీలో కణం తినేది తన లోపలి సరుకునే. పాడైన మైటోకాండ్రియా, ముద్దకట్టిన ప్రోటీన్ల చుట్టూ రెండు పొరల సంచి కట్టి, అరిగించే ఎంజైములుండే లైసోజోమ్‌లో కలిపి కరిగించి, వచ్చిన ముడిసరుకు మళ్లీ వాడుకుంటుంది. పక్క కణం జోలికి పోదు. మనం మన ఇల్లు ఊడ్చుకుంటే ఎదురింట్లో దొంగ చస్తాడా?

ఆ దొంగకూ ఒక చీపురుంది, అది ఇంకా ఘోరం. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ శుభ్రత క్యాన్సర్ పుట్టకుండా కొంత కాపాడుతుంది, అది నిజమే. గడ్డ పెరిగాక కథ తిరగబడుతుంది. రక్తం సరిగా అందని నడిమధ్యలో క్యాన్సర్ కణాలు తమ సరుకు తామే తిని బతుకుతాయి. ప్యాంక్రియాస్ క్యాన్సర్ కణాలు దీనిమీద ఎంతగా ఆధారపడతాయో 2011లోనే తేలింది. అందుకే కరోనా రోజుల్లో మనం మెడికల్ షాపుల చుట్టూ తిరిగి కొన్న ఆ హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కీమోతో కలిపి పరీక్షించారు. ఎందుకు? ఆటోఫజీని ఆపడానికి! ఆశించినంత ఫలితం రాలేదు, అది వేరే సంగతి. డాక్టర్లు ఆపాలని చూసినదాన్ని మీరు పెంచమంటున్నారు.

కీమో ముందు కొద్దిపాటి ఉపవాసం పెట్టి చూసే పరీక్షలూ జరిగాయి. డాక్టర్ల పర్యవేక్షణలో, రోగి బరువు చూసుకుంటూ. ఫ్రిజ్ మీద కాగితం పర్యవేక్షణలో కాదు. కీమోలో కండ కరిగితే మందు తట్టుకోలేరు, డోసు తగ్గించాల్సి వస్తుంది, వాయిదా వేయాల్సి వస్తుంది.

ఆ కాగితం నేనే పీకేశాను. పిన్ని ఇప్పుడు ఎనిమిదింటికే రెండిడ్లీ, ఒక గుడ్డు తింటోంది. కార్తీకంలో ఇంట్లో గుడ్డేమిటని అక్క గొణిగితే, ఉడకబెట్టే గిన్నె వేరే పెట్టుకోమన్నాను.