వందమంది జవాబు ఒక్కరిది కాదు

'కొందరు గాయకులు చిత్రకారులు. కొందరు చిత్రకారులు ఈతగాళ్లు.' దీన్నిబట్టి ఏం తేలుతుంది? కొందరు గాయకులకు ఈత వచ్చని చాలామంది ఠక్కున అనేస్తారు. నిజానికి ఏమీ తేలదు. ఈదే చిత్రకారులు, పాడే చిత్రకారులు వేర్వేరు మనుషులు కావచ్చు.

తర్కంలో ఇలాంటి జంట వాక్యాలు 64 రకాలు. కచ్చితమైన నిర్ణయం తేలేవి వాటిలో 27 మాత్రమే. మనుషులు వీటి దగ్గర ఎలా ఆలోచిస్తారో వివరించే 12 సిద్ధాంతాలను మనస్తత్వ పరిశోధకులు ఖేమ్లానీ, జాన్సన్-లెయిర్డ్ 2012లో పోల్చి చూశారు. ఒక్కటీ సరిపోలేదు.

ఇలాంటి సిద్ధాంతాలను చాలాకాలం గుంపు మొత్తం ఇచ్చిన జవాబుల మీదే పరీక్షించారు. చిక్కు అక్కడే ఉంది. ఒక ప్రశ్నకు వందమందిలో 40 మంది ఒక జవాబు, 35 మంది ఇంకొకటి, 25 మంది మరొకటి చెప్పారనుకుందాం. ఎదుట ఉన్నది ఎవరో చూడకుండా అందరికీ ఒకే జవాబు ఊహించే మోడల్ (మనిషి జవాబును ముందే అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాం) ఎంత గొప్పదైనా ఆ 40 మంది దగ్గరే ఆగిపోతుంది. మిగతా 60 మంది విషయంలో తప్పుతుంది. ఎన్ని కంప్యూటర్లు పెట్టినా ఈ హద్దు చెరగదు.

అది దాటాలంటే మనిషిని చూడాలి. 'ఏమీ తేలదు' అనడానికి జంకేవాళ్లు ఉంటారు. తలనొప్పి అనిపించినప్పుడల్లా అదే మాట అనేసేవాళ్లూ ఉంటారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక్కొక్కరి ఒక్కో జవాబును ముందే ఊహించే మోడళ్ల మీద పనిచేశారు. కష్టమైన దారే అయినా సరైన దారి అదేనని మేము నమ్ముతున్నాం.

2025లో నేచర్ సైన్స్ పత్రికలో వచ్చిన 'సెంటార్' అనే ఏఐ మోడల్‌కు 60 వేల మందికి పైగా మనుషులు చేసిన కోటికి పైగా ఎంపికలతో శిక్షణ ఇచ్చారు. మనుషుల ఎంపికలను అది బాగానే ఊహిస్తోంది. కానీ జవాబు ఊహించినంత మాత్రాన దాని వెనకున్న ఆలోచన తెలిసినట్టు కాదు.

ఊహించడానికీ అర్థం చేసుకోవడానికీ ఉన్న ఈ తేడా ల్యాబ్‌లో చర్చనీయాంశం. ఉద్యోగం, అప్పు, శిక్ష దగ్గరికి వస్తే ఒకరి బతుకు. ఒక వ్యక్తి నేరం చేస్తాడా లేదా అని కేవలం ప్రొఫైలింగ్‌తో, అంటే అతని వివరాలు, లక్షణాలను యంత్రంతో లెక్కగట్టి, అంచనా వేయడాన్ని యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం నిషేధించింది. 2025 ఫిబ్రవరి 2 నుంచి అది అమల్లో ఉంది. అంతటితో సరిపోదు. మనిషి మీద నిర్ణయానికి మోడల్‌ను వాడేవారు సగటు కచ్చితత్వం చూపించి తప్పించుకోకూడదు. ఎంతమంది విషయంలో పొరబడిందో ప్రకటించాలి. తన గురించి అది ఏం ఊహించిందో చూసి, 'నేను ఆలోచించింది ఇలా' అని చెప్పుకునే హక్కు ఆ మనిషికి నిర్ణయం వెలువడక ముందే ఉండాలి.