కంపెనీలోళ్ల తప్పులకు కెర్నెల్‌ల ఇంకెన్ని అతుకులు?

చిప్ చేసుడు, సగం సగం టెస్ట్ చేసుడు, మార్కెట్‌ల వదులుడు, గంతే వీళ్ల పని. ఫర్మ్‌వేర్‌ల, అంటే చిప్ లోపలుండే ప్రోగ్రాంల, బొక్కలుంటే దాన్ని సముదాయించే తిప్పలు మాత్రం లైనక్స్ కెర్నెల్‌ల (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డ్రైవర్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్, రాసెటోళ్లకు. 'ఫలానా మోడల్ అయితే ఇట్ల చెయ్యకు' అని డ్రైవర్‌ల పెట్టేదాన్నే క్విర్క్ అంటరు, ఒక్క పీసీఐకే (మదర్‌బోర్డుకు కార్డులు, చిప్‌లు కలిపే దారి) వేల లైన్ల క్విర్కుల ఫైల్ ఉన్నది, లాప్‌టాప్ సౌండ్ చిప్‌లదైతే ఇంక పెద్ద పురాణం. అసలే వద్దంటలేను, అవన్నీ తీసేస్తే రేపు నల్లగొండల ఎన్ని లాప్‌టాప్‌లు మూగబోతయో. నా లొల్లి ఒక్కటే, ఏ మోడలు, ఏ ఫర్మ్‌వేర్ వెర్షను, ఎందుకు పెట్టినం, ఇవి రాయకుంటే క్విర్క్‌ను లోపలికి రానియ్యొద్దు.

సాటా (డిస్క్‌లను కంప్యూటర్‌కు కలిపే పద్ధతి) డ్రైవర్‌ల క్విర్కుల టేబుల్ తీసి చూడున్రి. క్రూషియల్ ఎంఎక్స్100 ఎస్ఎస్‌డీ పక్కన ఎంయూ01 అని ఫర్మ్‌వేర్ పేరు రాసి ఉంటది. ఆ వెర్షన్‌కే క్యూడ్ ట్రిమ్ (ఏ జాగ ఖాళీ అయిందో వేరే పనులతోటి కలిపి వరుసల డ్రైవ్‌కు చెప్పుడు) బంద్, అప్‌డేట్ చేసుకున్నోనికి ఏ అడ్డూ లేదు. గదే శాంసంగ్ కాడికొచ్చేసరికి 2015ల 800 సిరీస్ మొత్తానికి బంద్ పెట్టిన్రు, ఫర్మ్‌వేర్ గడి ఖాళీ. డేటా పోతదేమో అన్న భయం, ఒప్పుకుంట, కానీ రేపు కంపెనీ సరిచేసినా టేబుల్‌కు ఎట్ల తెలుస్తది?

సీగేట్‌ది ఇంక అన్యాయం. వాళ్ల యూఎస్‌బీ డిస్క్ డబ్బాలన్నిట్ల ఏటీఏ పాస్‌త్రూ (యూఎస్‌బీ దాటి లోపలి డిస్క్‌కే నేరుగ కమాండ్ పంపుడు) చెడిపోయే ఉంటదని యూఏఎస్ అనే యూఎస్‌బీ డిస్క్ డ్రైవర్‌ల కామెంట్ రాసి, కంపెనీ ఐడీ చూసుడుతోనే ఆపేస్తరు. క్లాక్ టవర్ కాడ షాప్ పెట్టుకున్నోన్ని, నాకు రోజూ ఇదే పని, హార్డ్ డిస్క్ తెస్తరు, "అన్నా, ఇది బతుకుతదా?" అంటరు, స్మార్ట్ రీడింగ్ (డిస్క్ తన ఆరోగ్యం తానే చెప్పుకునే లెక్క) చూడకుంట ఏం చెప్పాలె? ఆ పాస్‌త్రూ లేకుంటే స్మార్ట్ రాదు. కెర్నెల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే బూట్ లైన్‌ల ఆ డబ్బా ఐడీ రాసి క్విర్క్ ఖాళీగ వదిలితే అడ్డు పోతది, నిజమే, కానీ ఇంట్ల కూసున్న డిగ్రీ పిలగానికి గది ఎవరు చెప్తరు? వాడు డిస్క్ సచ్చింది అనుకుంటడు.

ఎన్‌వీఎంఈల (సాటా కంటే వేగంగ నడిచే ఎస్ఎస్‌డీల పద్ధతి) మాత్రం ఒక మంచి పని జరిగింది. సస్తా ఎస్ఎస్‌డీలకు కొన్నిట్లకు ఒకటే ఐడీ కొట్టి పంపిన్రు, ఒక్కో డ్రైవ్‌కు వేరే ఐడీ ఉండాలన్న సోయి కూడ లేదు. 2022ల కెర్నెల్ ఆ ఐడీలను గట్టిగ చెక్ చేసుడు మొదలుపెట్టంగనే రెండో డ్రైవ్ కనబడకుంట పోయింది, ఇగ మోడల్‌కో లైన్ చొప్పున టేబుల్ పెంచుకుంట పోయిన్రు. ఆఖరికి 2023ల రూలే మార్చిన్రు, మామూలు పీసీల ఉండే డ్రైవ్ అయితే హెచ్చరిక రాసి నడవనియ్యాలె అని. నేననేది కూడ గిదే, ఒకటే లైన్ మల్ల మల్ల రాయవలసి వస్తుందంటే తప్పు టేబుల్ కాడ లేదు, రూల్ కాడ ఉన్నది.

మరి కంపెనీలోళ్లు? లైనక్స్ నుంచే ఫర్మ్‌వేర్ ఎక్కించుకునేటట్టు ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే టూల్ 2015 నుంచి ఉన్నది, ఫైల్ పంపితే చాలు. అయినా ఇప్పటికీ చానా మంది అప్‌డేట్‌ను విండోస్ ఈఎక్స్ఈ లెక్కనే ఇస్తరు, అది నడిపెటందుకు నేను షాప్‌ల ఒక పాత విండోస్ డబ్బాను పక్కకు పెట్టుకోవాలె.