గంట మీటింగుకు రోజంతా ప్రయాణమా?

రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిన సభ ఎక్కడ జరిగిందో గుర్తుందా? పేరుకు చైనాలోని ఫుజౌలో. 2020లో జరగాల్సిన ఆ సభ కొవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి చివరికి ఆన్‌లైన్‌కు మారింది. సభ్య దేశాల వాళ్లు ఎక్కడివాళ్లక్కడ తెర ముందు కూర్చుని 2021 జులై 25న మన గుడి సంగతి తేల్చారు. అయితే అంతకుముందు, 2019 సెప్టెంబరులో, యునెస్కోకు సలహా ఇచ్చే ఇకోమోస్ సంస్థ తరఫున ఒక నిపుణుడు గుడి ఉన్న పాలంపేట ఊరి దాకా వచ్చి గుడి చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. నీళ్లలో తేలే ఇటుక, ఇసుక పునాది, 800 ఏళ్లయినా నునుపు తగ్గని నల్లరాతి మదనికల బొమ్మలు, ఇవేవీ ఫైల్లో ఫొటోలు చూసి తేల్చే సంగతులు కావు మరి.

చెయ్యెత్తడానికి తెర సరిపోయింది, చూడటానికి మాత్రం మనిషి రావాల్సి వచ్చింది. ఆఫీసు ప్రయాణాలు, కాన్ఫరెన్సుల మీద ఇన్నేళ్లుగా సాగుతున్న వాదనలో మా పక్షం కూడా ఇదే. కాకపోతే మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

2020 ఫిబ్రవరి చివర్లో బోస్టన్‌లో ఒక కంపెనీ మీటింగుకు దాదాపు 175 మంది హాజరైతే, అక్కడ అంటుకున్న వైరస్ జాడ తర్వాత లక్షల కేసుల్లో ఉండొచ్చని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ ఏడాది నవంబరుకల్లా బిల్ గేట్స్, వ్యాపార ప్రయాణాల్లో సగానికి పైగా ఇక తిరిగి రావని చెప్పేశాడు. అప్పుడు అందరం తలూపాం. తీరా చూస్తే ఏమైంది? ప్రపంచంలో ఈ ప్రయాణాల మీద పెట్టే ఖర్చు 2019లో 1.4 లక్షల కోట్ల డాలర్లుంటే, 2020లో సగానికన్నా కిందికి పడిపోయి, మళ్లీ పాకుతూ పాకుతూ పాత అంకె దగ్గరికి వచ్చేసింది. టికెట్లు, గదుల ధరలు పెరగడం వల్ల వచ్చిన అంకె అది, ప్రయాణాలు ఆ మేరకు పెరగలేదు. హైదరాబాద్‌లో బయో ఏషియా సదస్సు 2021లోనూ 2022లోనూ ఆన్‌లైన్‌లోనే జరిగి, 2023లో తిరిగి హాలుకొచ్చింది.

మన వరంగల్ వైపు వ్యాపార ప్రయాణం అంటే బిజినెస్ క్లాసు సీటు కాదు. హనుమకొండ బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో సింగిల్ రూమ్ తీసుకుని, నల్లబ్యాగు భుజానేసుకుని తిరిగే మెడికల్ రెప్పులు, సీజనుకు ముందు దిగే విత్తనాల కంపెనీల మనుషులు, ఆడిట్‌కు వచ్చే వాళ్లు. వాళ్ల మీద ఆధారపడి మెస్సులు, ఆటోలు, ఇస్త్రీ బండ్లు. లాక్‌డౌన్‌లో ఈ బతుకులన్నీ ఒకేసారి ఆగిపోయాయి. అప్పుడు హోటల్ రంగానికి జరిగిన నష్టం గురించి మాట్లాడినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇస్త్రీ బండి గురించి ఎవరూ మాట్లాడలేదు, మేం కూడా పెద్దగా రాయలేదని ఒప్పుకోవాలి. ఆ రెప్పులు తర్వాత తిరిగొచ్చారు, ఎందుకంటే డాక్టరు ఓపీ అయ్యేదాకా గుమ్మం దగ్గర నిలబడే పని జూమ్‌లో కాదు. నెలాఖరు టార్గెట్ల తిట్లు మాత్రం జూమ్‌లోనే పడుతున్నాయట!

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్లో ఒక పొద్దున నిలబడితే ఈ విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. పంటల్ని ఆన్‌లైన్‌లో కొనే ఈ-నామ్ వచ్చింది 2016లో. ధర ఫోన్లో వేయొచ్చు, డబ్బు ఖాతాలో పడొచ్చు. అయినా ఖరీదుదారు లాట్ దగ్గరికి నడిచి వస్తాడు. బస్తా మూతి విప్పి, లోపలిదాకా చెయ్యిపెట్టి గుప్పెడు తీస్తాడు, ఎందుకంటే పైన పేర్చింది కాదు, అడుగున ఉన్నది తెలియాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి, అనకపోతే తేమ ఉన్నట్టు. విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో చూస్తాడు. రైతు అతని కాయను కాదు, ముఖాన్ని చూస్తుంటాడు. ఆ నిమిషంలో అటూ ఇటూ మారే వందలూ వేలూ ఏ కెమెరాకూ దొరకవు. మన చపాటా మిర్చికి 2025లో జీఐ, అంటే ఈ ప్రాంతపు సరుకన్న గుర్తింపు వచ్చింది, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఈ టమాటా మిర్చిని దూరాన ఉన్న మసాలా కంపెనీ వాడు ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడకపోతే దానికి దక్కాల్సిన ధర ఇస్తాడా?

రావాల్సిన మనుషుల సంగతి ఇదైతే, రానక్కర్లేని మనుషుల్ని మనం రప్పిస్తున్న తీరు చూడండి. ఆసిఫాబాద్ వైపు నుంచి ఒక ఉద్యోగి తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి, హైదరాబాద్‌లో పదకొండింటి రివ్యూ మీటింగుకు చేరితే అది మొదలైంది పన్నెండున్నరకు, ముగిసింది ఒంటి గంట ముప్పావుకు, పైగా చదివింది ముందురోజే మెయిల్లో వచ్చిన పీపీటీ. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. తన శాఖ పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు, చాలా శాఖల్లో ఇదే వరస, చాలా ప్రైవేటు కంపెనీల్లోనూ ఇదే. కొవిడ్ రెండేళ్లు ఇవే మీటింగులు తెర మీద నడిచినప్పుడు పనులు ఆగాయా? ఎవరూ ఆగాయనలేదు. మరి బస్సులు తిరగడం మొదలవగానే అందర్నీ బస్సెక్కించడం ఎందుకు? పిలిస్తే వచ్చారా లేదా అన్నదే కొందరు సార్లకు పని జరిగిందనడానికి గుర్తు అయిపోయింది, అంతకుమించి కారణం మాకు కనబడలేదు. చెప్పడానికే పెట్టే మీటింగు తెర మీదే ఉండాలి.

కాలేజీల సెమినార్ల విషయంలో మా బాధ వేరు. ఆన్‌లైన్‌లో జరిగినన్నాళ్లు నిర్మల్‌లో పీహెచ్‌డీ చేసే అమ్మాయి, పసిపిల్లను ఒళ్లో పెట్టుకున్న లెక్చరర్, మెట్లెక్కలేని పెద్దాయన కూడా సభలో ఉన్నారు. ఇప్పుడు హైబ్రిడ్ అని బ్రోచర్‌లో వేస్తున్నారు గానీ, చాలాచోట్ల దాని అర్థం వెనక వరసలో కుర్చీ మీద ఒక ల్యాప్‌టాప్ తెరిచి పెట్టడమే, లింకులో చేరినవాళ్లకు వినిపించేది సీలింగ్ ఫ్యాను చప్పుడు, ఎవరో సమోసా ప్లేట్లు సర్దుతున్న చప్పుడు. వక్తకు కాలర్ మైకు ఒకటి, ఆన్‌లైన్ ప్రశ్నలు చదివే విద్యార్థి ఒకరు ఉంటే సగం సమస్య తీరుతుంది.

ఇక ఎదురెదురుగా కూర్చోవాల్సిన సభలు మన వరంగల్‌కే ఎందుకు రాకూడదు? 1959లో ఆర్ఈసీ పేరుతో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, ఇక్కడే ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, యూనివర్సిటీ ఉంది. 2014లో పునాది రాయి పడిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్లకు, 2024 నవంబరులో తెరుచుకుంది. కాజీపేట జంక్షన్ ఎటు నుంచి వచ్చేవాళ్లకైనా దారే. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరి ఆఖర్లో కేంద్రం అనుమతి ఇచ్చింది కాబట్టి, విమానం దిగాక అంతా బాగైపోతుందని మన నాయకులు అంటున్నారు. మామునూరు కావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ వచ్చినవాడికి ఇక్కడ పని లేకపోతే ఆ రన్‌వే మనవాళ్లు ఇంకా తొందరగా బయటికి వెళ్లడానికే పనికొస్తుంది.

కాబట్టి జిల్లా యంత్రాంగానికి, చాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలకు ఒక సూచన. వచ్చే మిర్చి సీజన్‌లో మసాలా కంపెనీల కొనుగోలు అధికారులు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు, వ్యవసాయ శాస్త్రవేత్తలు, రైతులు కూర్చునే సదస్సు ఒకటి హనుమకొండలో పెట్టండి. ప్రారంభోపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు అన్నీ ముందురోజే జూమ్‌లో కానిచ్చేయండి. వచ్చినవాళ్లను హోటల్ బఫే దగ్గర ఆపకుండా పొద్దున్నే జెండా పాటకు, అంటే మార్కెట్ వేలానికి, ఎనుమాముల తీసుకెళ్లండి. కొవిడ్‌కు కొన్న మాస్కులు ఇంట్లో మిగిలుంటే తెచ్చుకోమని కూడా చెప్పండి, ఆ ఘాటుకు కొత్తవాళ్లకు తుమ్ములు ఆగవు.