మా ఇడ్లీ పిండి ఇచ్చిన సర్టిఫికెట్

తిరుపతి కొర్లగుంటలో మేముండే రెండు గదులకూ పైన సిమెంటు రేకులే. పోయిన ఆదివారం పైపు దించాలని మా ఇంటి ఓనరు వంటింటి రేకుకు కటర్ పెట్టించాడు. రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి మీద బూడిదరంగు పొడి విభూతిలా రాలింది. సాక్ష్యానికి ఉంటుందని పారబోయకుండా ఉంచి, మర్నాడు ఆయనకే చూపించాను. వంగి చూసి తీర్పు చెప్పేశాడు: "బాగా పొంగింది గదా సార్! అది విషమైతే పిండి పొంగతాదా? ఏమీ కాదులే."

రేకులో సిమెంటుతో కలిపేది రాతినార, అంటే ఆస్బెస్టాస్. క్యాన్సర్ తెస్తుందని తేలినవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు దాన్ని ఏనాడో చేర్చారు. 60కి పైగా దేశాలు నిషేధించాయి. పాపం, వాళ్ళెవరి దగ్గరా ఇడ్లీ గిన్నె లేదు.

సరే, సాక్షిని బోనెక్కిద్దాం.

పేరు? ఈస్టు, పిండిలో ఉండే సూక్ష్మజీవిని. వయసు? రెండు గంటలు. వృత్తి? గ్యాసు వదలడం. "అదీ పూర్తిగా నా గొప్ప కాదయ్యా, ఇడ్లీ పొంగులో ఎక్కువ కష్టం ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియాది. నన్నెందుకు పిలిచారు?" రాతినార తగిలిందా? "తగిలింది. దానిది ధన విద్యుదావేశం, నాది రుణ విద్యుదావేశం, వచ్చి అతుక్కుంది. కానీ నా ఒంటి చుట్టూ గట్టి గోడ ఉంది." మనిషి కణానికి ఉందా ఆ గోడ? "లేదు." నీకు ఊపిరితిత్తులున్నాయా? "అవేంటి?" ఓనరు తరపు లాయరు లేచి ఒకటే అడిగాడు: పొంగావా, లేదా? "పొంగాను." కేసు కొట్టేశారు.

మనిషి ఊపిరితిత్తుల్లో కాపలా కణాలు ఆ పొడవాటి నారను మింగబోతాయి. మింగలేవు, అరగదీయలేవు. అవే చస్తాయి, చుట్టూ వాపు మిగులుతుంది. రోగం బయటపడేది 20, 30, 40 ఏళ్ళకు. రెండు గంటల సాక్షికి అదెక్కడ కనపడుతుంది?

ఆ రోజు రేకు కోసింది మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. ముక్కుకు కర్చీఫ్ కట్టాడు, అది జారితే మళ్ళీ లాక్కోలేదు. కనురెప్పల మీద పొడి పేరుకుంది. దిగొచ్చి చొక్కా దులుపుకుని, ఆ దుమ్ములోనే నిలబడి టీ తాగాడు. మన గనుల్లో తవ్వకం ఆపేసి, రష్యా నుంచి ఓడల్లో తెప్పించుకుని వాడి చేత కోయించడానికి సిగ్గుండాలి! నీళ్ళు చల్లి కొయ్యరా అని చెప్పడానికి ఓనరుకు నోరు రాలేదు. టీ ఇచ్చిన నాకూ రాలేదు.

నిన్న అద్దెకొచ్చిన ఓనరు, ముందు గదిలోనూ ఒక బొక్క పెట్టాలన్నాడు. "ముందురోజే పిండి రుబ్బి పెట్టండి సార్, చూసుకుందాం."