చెక్కిన కిటికీ చూసి బయానా ఇవ్వకండి

ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కన 16వ శతాబ్దపు రెనైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) శైలి ఇల్లు, అందులోనే అద్దె అపార్ట్‌మెంట్లు, వెనక గుర్రపుశాల, ధాన్యపు కొట్టు. అన్నీ కలిపి అమ్మకానికి. ఇలాంటి ప్రకటనల్లో చెక్కిన రాతి కిటికీకి పది ఫోటోలు ఉంటాయి, మరుగుదొడ్డి నీళ్లు ఎటు పోతాయో ఒక్క ముక్క ఉండదు. ఒళ్లు మండేది అక్కడే.

ముందు గోడ చూడండి. అక్కడి తుఫో రాయి మెత్తన, తేమ బాగా పీల్చుకుంటుంది. పైన సున్నపు పూత ఉంటే ఆ తేమ బయటికి ఆరిపోతుంది. ‘గట్టిగా ఉంటుంది’ అని ఎవరో సిమెంటు పూశారంటే తేమకు దారి ఉండదు, పూత వెనక రాయి పొడిపొడిగా రాలుతుంది. మన మండువా ఇళ్ల గానుగసున్నం గోడలకు సిమెంటు కొట్టి మనం పాడుచేసిందీ ఇలాగే. గోడలో దూర్చిన ఓక్ దూలాల కొసలు కుళ్లేదీ ఆ తడికే. స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, సులువుగా దిగిందంటే లోపల పుచ్చినట్టే. కొత్తగా రంగు వేసిన చోట ముందు గుచ్చండి.

ఇక అద్దె లెక్క. అక్కడి ఇళ్ల ఇంధన రేటింగులో అన్నిటికంటే అడుగునుండే జీ తరగతి ఇంటిని 2025 జనవరి 1 నుంచి ఏడాది పొడుగు అద్దెకు కొత్తగా ఇవ్వకూడదు, 2028లో ఎఫ్ వంతు. సరే, రేటింగు పెంచడానికి కిటికీలకు డబుల్ గ్లాస్ పెడదామంటే? రక్షిత కట్టడమైతే, లేదా అలాంటి కట్టడం పరిసరాల్లో ఉంటే, ప్రభుత్వ వారసత్వ ఆర్కిటెక్టు మాట దాటి కిటికీ ముట్టుకోలేరు. లోపలి గోడకు థర్మోకోల్ అంటిస్తే మళ్లీ అదే తేమ గొడవ. అమ్మేవాళ్లు చూపే రాబడిలో ఈ ఖర్చు ఒక్క యూరో కూడా కనబడదు.

‘ధాన్యపు కొట్టును గెస్ట్ హౌస్ చేసుకోవచ్చు’ అనే వాక్యం మరీ ఘోరం. అది వ్యవసాయ జోన్‌లో ఉంటే, స్థానిక భూవినియోగ ప్లాన్‌లో ఆ కట్టడాన్ని ప్రత్యేకంగా గుర్తిస్తే తప్ప సాధారణంగా వాడకం మార్చనివ్వరు. మున్సిపల్ ఆఫీసులో మీ పథకం రాసిచ్చి ప్లానింగ్ సర్టిఫికెట్ అడగండి, జవాబుకు రెండు నెలలు పడుతుంది. వాడకం మార్చే అనుమతి రాకుంటే బేరం రద్దు అనే షరతు ఒప్పందంలోనే రాయించండి.

ఊరి డ్రైనేజీ లేకపోతే సెప్టిక్ ట్యాంక్ తనిఖీ రిపోర్టు అడగండి, మూడేళ్ల లోపుది అయ్యుండాలి. అది నిబంధనలకు తగ్గట్టు లేకపోతే కొన్న ఏడాదిలోగా బాగుచేయించాల్సింది మీరే. ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. నోటరీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ధర మీద సుమారు 7–8 శాతం అదనం.

సంతకం పెట్టేశాక భయం పట్టుకుంటే, కొనుగోలు ఒప్పందం ప్రతిని మీ గడపకు మొదటిసారి తెచ్చిన మర్నాటి నుంచి పది రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గొచ్చు. ఆ మాట రిజిస్టర్డ్ పోస్టులో రాసి పంపండి, ఫోన్‌లో చెప్తే చెల్లదు.